మాల తీసేదాకా

"ఏంటి మాతా, ఇవాళ నీ గడియారం వినపడట్లేదు?" అన్నారు మా ఆయన, చారు పొయ్యడానికి నేను వంగినప్పుడు.

ముందు ఈ మాత సంగతి చెప్పాలి. మా ఆయన జనార్దనరావుగారికి బందరు కోనేరు సెంటర్లో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టుంది. ఆ కార్తీకంలో ఆయన అయ్యప్ప మాల వేసుకున్నారు. మాల వేసుకున్న మగవాళ్ళంతా స్వాములు, వాళ్ళ చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా మాతలు. పెళ్ళైనప్పటినుంచీ "ఏమే", "ఇదిగో" తప్ప మరో పిలుపు ఎరగని మనిషి నల్ల పంచె కట్టిన మర్నాటినుంచీ మాతా అంటుంటే మొదట్లో నవ్వాపుకోలేక చచ్చేదాన్ని. మా అమ్మాయి తనూజ తొమ్మిదో తరగతి. అది పుస్తకం అడ్డం పెట్టుకుని మరీ కిసుక్కుమనేది. పిలుపు మారింది గానీ చాకిరీ మారలేదు, పైపెచ్చు పెరిగింది. తెల్లారకుండా చన్నీళ్ళ తలస్నానం, పూజకి అన్నీ అమర్చడం, ఉల్లీ వెల్లుల్లీ లేని వంట, మధ్యాహ్నం భిక్ష, సాయంత్రం ఫలహారం, మధ్యలో వచ్చిపోయే స్వాములకి వేడివేడిగా పాలు. మాతనని ఒక్కరూ నా చేతిలో గరిటె తీసుకున్న పాపాన పోలేదు. మా అత్తయ్య వసుంధరమ్మగారు "స్వామి ముందు ఆ తడిజుట్టుతో తిరగబాక" అని కసురుతూనే ఉండేవారు.

ఇక గడియారం. అది నా గుండె. మూడేళ్ళ కిందట హైదరాబాదులో ఆపరేషన్ చేసి, నా గుండెలో చెడిపోయిన వాల్వు తీసేసి లోహపు వాల్వు పెట్టారు. దానికి రెండు చిన్న రెక్కలుంటాయి. అవి మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటుంది. పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా వినపడుతుంది. "నీ పక్కన పడుకుంటే వాచీ కొట్లో పడుకున్నట్టుందే" అని ఆయన విసుక్కునేవారు. నేను దిండు గుండెకి అదిమిపెట్టుకుని అటు తిరిగి పడుకునేదాన్ని. వ్రతంలో కూర్చుంటే అత్తయ్య "మంత్రం చెవిన పడనివ్వవు కదా తల్లీ" అనేవారు. ఎవరింటికైనా వెళ్తే కొంగు రెండు మడతలు వేసి కప్పుకునేదాన్ని. నా ప్రాణం నిలబెట్టిన చప్పుడుకి ఊరందరికీ సారీ చెప్పుకుంటూ తిరిగాను.

మాల కూడా నాకోసమేనట. నా గుండె కోసి ఉంచిన పూట, బయట బల్ల మీద కూర్చుని, ఈ మనిషి బతికితే మాల వేసుకుని కొండకొస్తానని ఆయన మొక్కుకున్నారు. కొట్టు వదిలే వీలు లేక అన్నాళ్ళు వాయిదా పడింది. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, అబద్ధమెందుకు. అయితే దీక్షలో ఉన్న స్వామి ఇంట్లో ఆడది బయట చేరకూడదు. చేరితే ఆ నాలుగు రోజులూ వేరే ఇంటికి వెళ్ళిపోవాలి. మా పుట్టిల్లు హంసలదీవి దగ్గర. వెళ్ళి వస్తానన్నాను. "నువ్వెళ్తే స్వామికి వండేదెవరు, నేనా ఈ మోకాళ్ళతో?" అన్నారు అత్తయ్య. ఆ సాయంత్రమే మందుల షాపునుంచి కాగితంలో చుట్టి మాత్రలు తెచ్చారు. నెల రాకుండా ఆపే మాత్రలు. మాల వేసిన రోజునుంచి తీసేదాకా రోజూ వేసుకోవాలి. బందరులో ఎవరింట్లో పెళ్ళైనా, పూజైనా, తిరపతి ప్రయాణమైనా ఆడవాళ్ళకి తెలిసిన మాత్రలే. చీటీ అక్కర్లేదు, డాక్టరక్కర్లేదు. "గుండె డాక్టరుగారిని ఒకమాట అడుగుదామాండీ?" అని ఆయన్ని అడిగాను. "ఇదేమన్నా మందా, ఆడవాళ్ళ మాత్ర. ఆయన్ని ఇలాంటివి అడిగితే ఏం బావుంటుంది!" అన్నారు.

నాకూ లోలోపల హాయిగానే అనిపించింది, అదీ చెప్పాలి. వాల్వు పెట్టినప్పటినుంచీ రక్తం పలచబడటానికి రోజూ మాత్ర వేసుకోవాలి కదా. దానివల్ల నెల వస్తే వరదే. గుడ్డలు చాలవు, మంచం దిగితే కళ్ళు బైర్లు. ప్రతి నెలా ఆయన నన్ను బందరులోనే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళేవారు. డాక్టరుగారు ఆయన్ని అడిగేవారు, ఆయన చెప్పేవారు, నేను గోడమీద క్యాలెండర్ చూసేదాన్ని. "ఎలా ఉందండీ ఆవిడకి?" "బాగానే ఉందండీ." నా వరద సంగతి ఆ ఇద్దరు మగవాళ్ళ మధ్యలో ఎక్కడ పెట్టను? మాత్రలతో అది కూడా ఆగింది. ఆ నెల నేను బతికిపోయాననుకున్నాను.

ఇంతకీ ఆ మధ్యాహ్నం. ఆయన అనగానే నేనూ గుండెమీద చెయ్యేసి చూసుకున్నాను. టిక్కుమనే చోట ఏదో మెత్తగా, తడిబట్ట కింద పడ్డట్టుంది. అత్తయ్య పరిగెత్తుకొచ్చి నా గుండెకి చెవి ఆనించారు. కాపురానికొచ్చాక ఆవిడ నన్ను అంత దగ్గరికి తీసుకోవడం అదే మొదలు. "జనా! స్వామి విన్నాడురా! నిజంగానే ఆగిపోయిందిరా!" అని ఏడ్చేశారు. ఆయన అన్నం ముందునుంచి లేచి పీఠం దగ్గర సాష్టాంగపడ్డారు. సాయంత్రానికి వీధి వీధంతా మా ఇంట్లోనే. ఒక్కో ఆవిడా రావడం, నా గుండెకి చెవి పెట్టడం, "అవునమ్మోయ్, వినపడట్లా!" అనడం. గురుస్వామి గారొచ్చి "లోహం కండలో కలిసిపోయింది మాతా, ఇక నీకే మందులూ అక్కర్లేదు" అన్నారు. కనీసం ఆ మాటకి మా ఆయన "మందులు మాత్రం వేసుకోనివ్వండి స్వామీ" అన్నారు, ఆ ఒక్కటీ ఆయన పుణ్యం. "ఈ రాత్రి హాయిగా పడుకుంటా" అని కూడా అన్నారు, నవ్వుతూ. నేనూ నవ్వాను. నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషమేసింది. మూడేళ్ళ తర్వాత మొదటిసారి నేను చప్పుడు లేని మనిషినయ్యాను.

అంత మహిమ జరిగితే ఊరుకుంటారా? మర్నాడు స్వాములందరికీ మా ఇంట్లో పెద్ద భిక్ష. పులిహోర, గారెలు, చక్రపొంగలి, రెండు కూరలు, పప్పు. ఎవరి గుండె బాగైందని పండగో ఆ మనిషే పొద్దుటినుంచీ పొయ్యి దగ్గర. మినప్పిండి రుబ్బుతుంటే ఊపిరి అందలేదు. గారెల మూకుడు దించబోతే కళ్ళముందు చీకటి. కాళ్ళు చూసుకుంటే పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. "ఆయాసంగా ఉందండీ" అన్నాను. "స్వామి పనిలో ఆయాసమేంటి మాతా, అన్నీ ఆయనే చూసుకుంటాడు" అన్నారు. వడ్డన తనూజ చేసింది. ఆ రాత్రి వెల్లకిలా పడుకుంటే నీళ్ళలో మునిగినట్టై, గోడకానుకుని కూర్చునే తెల్లారబెట్టాను. అలసటనుకున్నాను. ఆయాసం వస్తే అలసట అనుకోవడం నాకు అలవాటైన విద్య. తనూజ పుట్టిన దగ్గర్నుంచీ ఆపరేషన్ దాకా నా జబ్బుకి నీరసమని, గ్యాసని, నరాల బలహీనతని, "ఇంటి పని తప్పించుకోడానికి" అని ఎన్ని పేర్లు పెట్టారో! టానిక్కులు తాగీ తాగీ పళ్ళు నల్లబడ్డాయి. చివరికి నోట్లోంచి రక్తం పడితే గానీ ఎవరూ గుండెకి గొట్టం పెట్టి చూడలేదు.

మర్నాడు నెలనెలా చేయించుకునే రక్తపరీక్ష. ల్యాబు దగ్గర నన్ను దింపేసి ఆయన కొట్టుకెళ్ళారు. లోపల బెంచీ మీద మల్లికార్జునరావుగారున్నారు. కృత్తివెన్నులో రొయ్యల చెరువుల ఆసామి. హైదరాబాదులో నాకు ఆపరేషన్ చేసిన వారమే ఆయనకీ చేశారు, అదే డాక్టరు, అదే రకం వాల్వు. వార్డులో ఎదురెదురు గదులు. చెరువు గట్టుమీద ఒకరోజు ఆయాసం వస్తే వారం తిరక్కుండా హైదరాబాదులో ఉన్నారాయన. ఎంత గొంతో అంత మంచి మనిషి.

"రా చెల్లెమ్మా, కూచో. మన రెండు గడియారాలతో వీళ్ళకి టైము చెబుదాం" అన్నారు ఎప్పటిలాగే. కూర్చున్నాను. ఆయనది టిక్కు టిక్కుమంటోంది. నా వైపు చెవి వంచి, "ఏంటమ్మా, నీది వినపడట్లా?" అన్నారు.

"ఆగిపోయిందండీ అన్నయ్యగారూ. మావారు మాల వేశారు కదా, స్వామి దయ" అన్నాను, రొప్పుతూ.

ఆయన మొహంలో రంగు పోయింది. అంత లావు మనిషి లేచి నిలబడ్డారు. "ఆగిపోవటమేంటమ్మా! చప్పుడు మందగించిందంటే వాల్వు మీద రక్తం గడ్డకట్టిందని కదా! తింటున్న అన్నం కూడా వదిలేసి పరిగెత్తుకు రమ్మన్నాడు కదా డాక్టరు!"

"ఎవరికి చెప్పారండీ?"

"నాకే. నా మంచం మీద కూచుని చెప్పాడు. రోజూ చెవి పెట్టి వినుకోమన్నాడు. గడ్డం గీసుకునేప్పుడు జాగ్రత్తన్నాడు, పన్ను పీకించుకునేప్పుడు చెప్పమన్నాడు, జలుబు మాత్రేసుకున్నా తనని అడగమన్నాడు. ఆఖరికి... మీ వదినతో ఎన్నాళ్ళకి కలవచ్చో కూడా చెప్పాడు. నీకు చెప్పలా?"

చెప్పలేదు. వార్డులో నా మంచం దగ్గరికీ వచ్చారు ఆ డాక్టరుగారు. "ధైర్యంగా ఉండాలమ్మా, బాగా తినాలి" అన్నారు, చిన్నపిల్లతో అన్నట్టు. తర్వాత మా ఆయన భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకెళ్ళారు. అద్దాల తలుపవతల ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నోళ్ళు కదలడం కనిపించింది. ఏం చెప్పారండీ అంటే, "ఏముంది, మాత్రలు మానకూడదంట, ఆకుకూరలు ఎక్కువ తినకూడదంట" అన్నారు ఆయన. గుండె నాది, కోత నాది, సంగతులు మాత్రం తలుపవతల. బెంచీ మీద కూర్చున్న నాకు ఒళ్ళంతా చల్లబడిపోయింది. జబ్బువల్లో, ఆ మాటవల్లో ఇప్పటికీ తెలీదు. రెండు రోజులబట్టి వీధిలో ఆడవాళ్ళందరూ నా గుండెకి చెవులు పెట్టి విన్నది నా చావునని, దానికి నేనే గారెలు వండానని అప్పుడు తెలిసింది.

మల్లికార్జునరావుగారు రక్తపరీక్షని పక్కన పడేసి, నన్ను తన జీపెక్కించి విజయవాడ పరిగెత్తించారు. దారిలో మా ఆయనకి ఫోన్ చేశారు. ఆయన వెనకాలే కారు మాట్లాడుకుని, నల్ల పంచె, మెడలో మాల, చెప్పుల్లేని కాళ్ళతో ఆసుపత్రికొచ్చారు. గుండె డాక్టరు భరత్ గారని, కుర్రవాడే. నా ఛాతీమీద జెల్లు రాసి టీవీలో చూస్తూ, "రెండు రెక్కల్లో ఒకటి కదలట్లేదండీ, గడ్డ పట్టేసింది. రెండోదీ ఆగితే..." అన్నారు, నాతో కాదు, మా ఆయనతో. "రక్తం పలచబడే మాత్ర మానేశారా?"

"లేదండీ, ఒక్కపూట మానలా. నేనే దగ్గరుండి వేయిస్తా."

"ఇంకేమన్నా వాడుతున్నారా?"

"అబ్బే, ఏం లేవండీ."

బల్లమీద పడుకున్న నేను నోరు తెరిచాను. "వేసుకుంటున్నానండీ. నెల ఆగే మాత్రలు."

డాక్టరు చెయ్యి నా ఛాతీమీదే ఆగిపోయింది. మొదటిసారి నా మొహం చూశారు. "ఎన్నాళ్ళనుంచీ?"

"మాల వేసినప్పటినుంచీ. రోజూ."

"అయ్యో! వాల్వున్నవాళ్ళు అవి అడక్కుండా వేసుకోకూడదమ్మా. అవి రక్తం గడ్డకట్టేలా చెయ్యొచ్చు. ప్రతి నెలా చూపించుకుంటున్నారు కదా, నెలసరి గురించి ఎవరూ అడగలేదా మిమ్మల్ని?"

"నన్ను ఏదీ ఎవరూ అడగలేదండీ" అన్నాను. అనేసి మా ఆయన వైపు చూశాను. "చప్పుడు తగ్గితే పరిగెత్తుకు రమ్మని మీకు చెప్పారట కదా?"

ఆయన మాల పట్టుకుని నిలబడ్డారు. "చెప్పారు... నువ్వు బెంగపడతావని నీకు చెప్పలేదు. తర్వాత నేనూ మర్చిపోయా. మొన్న చప్పుడాగితే నిజంగా దేవుడే అనుకున్నానే."

ఆయన అబద్ధమాడలేదు. నా చావు వార్త దాచిపెట్టి, దాచిన చోటు మర్చిపోయారు, అంతే. పదహారేళ్ళ కాపురంలో ఆయన మీద కోపాలొచ్చాయి, అలకలొచ్చాయి, గానీ ఇలా ఈ మనిషెవరు అనిపించడం ఎప్పుడూ లేదు.

గడ్డ కరగడానికి డ్రిప్ పెట్టారు. కరక్కపోతే మళ్ళీ ఛాతీ తెరవాలన్నారు, రెండోసారి తెరిస్తే నమ్మకంగా చెప్పలేమన్నారు. ఈ మాటలు డాక్టరు గుమ్మం దగ్గర మా ఆయనతో చెబుతుంటే, "బాబూ, ఇటొచ్చి నాకు చెప్పండి" అని కేకేశాను. కేకంటే కేక కాదు, ఉన్న ఊపిరంతా. భరత్ గారు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం చెప్పారు. మాత్రలు ఆపేశాం కాబట్టి నెల వస్తుందని, ఈ మందుల మీద రక్తం ఎక్కువ పోతుందని, సిగ్గుపడకుండా వెంటనే చెప్పమని కూడా చెప్పారు. పాతికేళ్ళుగా వస్తున్న నెల గురించి ఒక మగవాడు నాతో మామూలుగా మాట్లాడటం అదే మొదటిసారి. ఇంత చిన్న మాటకి నా ప్రాణం మీదికి రావాల్సొచ్చిందా అనుకున్నాను.

మూడోనాటికి ఆగిన రెక్క సగం కదులుతోందన్నారు. ఆరోజు పొద్దున్నే వరద మొదలైంది. నర్సులు పక్కలు మార్చారు, రక్తం సీసా తగిలించారు. మా ఆయన లోపలికొచ్చి, మంచం దగ్గరికి వస్తూ, "ఎలా ఉంది సుభా?" అన్నారు. మాతా అనలేదు. చెయ్యి చాపారు.

"బయట చేరానండీ" అన్నాను.

చాపిన చెయ్యి వెనక్కి వెళ్ళింది. కాళ్ళు కూడా. కావాలని చేసింది కాదు, వేడి గిన్నె ముట్టుకున్నవాళ్ళు వెనక్కి తీసుకున్నట్టు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, తప్పు చేసినవాడిలా నిలబడ్డారు. తర్వాత నన్ను కుదుటపరచడానికి అక్కడినుంచే గొంతు పెంచి, "ఇంటి గురించి ఏం దిగులు పెట్టుకోబాక. పీఠం పూజ ఆగలేదు, గురుస్వామి చూసుకుంటున్నారు. వంటంతా తనూజే చేస్తోంది. దానికి డేటు దగ్గర పడిందంట, నీ మాత్రలు మిగిలాయిగా, అమ్మ దానికేస్తోంది" అన్నారు.

ఎంత మామూలుగా అన్నారో! ఫ్రిజ్‌లో మిగిలిన పెరుగు సంగతి చెప్పినట్టు. మానిటర్ మీద గీతలు ఎగిరెగిరి పడి గంట మోగింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. "ఫోన్" అన్నాను. ఆవిడే ఆయన దగ్గర సెల్ తీసుకుని, ఇంటికి కలిపి నా చెవి దగ్గర పెట్టింది.

"అమ్మా!" అంది తనూజ. ఏడుస్తోంది.

"మాత్ర వేసుకున్నావా?"

"నిన్నటినుంచీ నానమ్మ ఇస్తోందమ్మా. వేసుకోకపోతే నీకే దోషం తగులుతుందంట. నాకు కడుపులో తిప్పుతోంది."

"నాకేం తగలదు. మిగిలినవి దొడ్లో పారేసెయ్. పొయ్యి ఆపి, స్కూలు డ్రెస్సు వేసుకుని స్కూలుకెళ్ళు. ఎవరేమన్నా అమ్మ చెప్పిందను. దేవుడడిగినా అదే చెప్పు."

"స్వాములకి భిక్షో?"

"వాళ్ళకి చేతులున్నాయి."

ఫోన్ నర్సుకిచ్చేశాను. ఊపిరి కూడదీసుకోడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఇంకా గుమ్మంలోనే ఉన్నారు. లోపలికి రావడానికీ లేదు, వెళ్ళిపోవడానికీ లేదు. మెడలో తులసి పూసలు వేళ్ళతో లెక్కపెడుతున్నట్టు తిప్పుతున్నారు. జాలేసింది, నిజంగా. ఆ జాలిని పక్కన పెట్టి అడిగాను.

"మాల తీసెయ్యండి."

"ఏంటే ఆ మాట! కొండకెళ్ళొచ్చేదాకా తియ్యకూడదు. మహాపాపం. ఇంట్లో మైల వస్తే తప్ప మధ్యలో తియ్యరు."

"మైలంటే?"

"అదే... ఎవరన్నా పోతే."

"మొన్న నేను పోయుంటే తీసేవారా?"

ఆయన నేలవైపు చూశారు. "తియ్యక తప్పదు కదే, సుభా."

"పోయాక నాకు చేద్దామనుకున్నది బతికుండగా చెయ్యండి" అన్నాను. "నేను చూస్తుండగా తియ్యండి."